చుట్టూ మోగే సంగీతం: మూలమా, వ్యాఖ్యా?

పాటను వినేవానికి ఎదురుగా నిలపవలెనా, అతని చుట్టూ పరచవలెనా అన్న ప్రశ్న పైకి యంత్రాలకు సంబంధించిన చిన్న విషయంగా కనిపిస్తుంది. దానిని వర్తకులకూ ఇంజనీర్లకూ విడిచిపెట్టి సాహిత్యజ్ఞులు తమ పని తాము చూసుకోవచ్చునని ఎవరైనా అనవచ్చు. నేను అట్లా అనుకోను. పూర్తి అయిన కృతిని తరువాతి కాలంలో వేరొక రూపంలోకి మార్చి, ఆ మార్పుకు పాత పేరే పెట్టి, ఇదే అసలైనదని జనాన్ని నమ్మించే పద్ధతి ఏ కళలో తలెత్తినా, అక్షరాన్ని నమ్ముకొన్నవారికి కూడా అది పట్టవలసిన సంగతే. నేడు ధ్వనిముద్రిత సంగీతంలో ఆ పద్ధతి బాహాటంగా సాగుతున్నది. అరశతాబ్దం క్రితం పాశ్చాత్య దేశాలలో వెలువడిన మృదువైన రాక్ సంగీతపు ఆల్బములు ఒకదాని వెంట ఒకటి ‘సరౌండ్’ రూపంలో తిరిగి వస్తున్నవి. వీటిని సమర్థించేవారు ముఖ్యంగా మూడు వాదాలు చేస్తారు. ఆ మూడింటిలో ఏదీ నిలిచేది కాదని నా మనవి.

ముందుగా ఈ విషయంతో పరిచయం లేని పాఠకుల కోసం నాలుగు మాటలు చెప్పవలసి ఉన్నది. స్టీరియో పద్ధతిలో వినేవానికి ఎదురుగా, కుడి ఎడమల రెండు స్పీకర్లు ఉంటవి. ఒకే స్వరం రెండింటినుంచీ సమానంగా వస్తే, ఆ రెండింటి నడుమ, ఏ యంత్రమూ లేని శూన్యంలో గాయకుడు నిలిచి పాడుతున్నట్లు చెవి భావిస్తుంది. ఆలన్ బ్లుమ్‌లైన్ అనే ఆంగ్లేయ ఇంజనీరు 1931లో ఈ పద్ధతికి పేటెంటు కోరినాడు. స్టీరియో గ్రామఫోను రికార్డులు 1958లో అంగడికి వచ్చినవి. 1970 తరువాతి సంవత్సరాలలో వెనుక మరి రెండు స్పీకర్లు చేర్చి ‘క్వాడ్రఫోనిక్’ అన్న పేరుతో నాలుగు దిక్కుల సంగీతాన్ని అమ్మజూచినారు. ఒక సంస్థ పద్ధతిలో చేసిన రికార్డు మరొక సంస్థ యంత్రం మీద సరిగా పలకకపోవడంతో ప్రజలు విసిగిపోయినారు. దశాబ్దం ముగియకముందే ఆ వ్యాపారం చల్లబడినది. తరువాత 5.1 వచ్చినది: ముందు మూడు స్పీకర్లు, వెనుక పక్కలకు రెండు, మంద్రధ్వనుల కోసం ప్రత్యేకంగా ఒక పెట్టె. 2012లో సినిమా ప్రదర్శనశాలలకు వచ్చిన డాల్బీ ఆట్మోస్ నెత్తిమీద కూడా ధ్వనిని నిలిపినది. 2021 జూన్‌లో ఆపిల్ మ్యూజిక్ సంస్థ దానిని పాటలు వినే సామాన్యుల చెవులదాకా తెచ్చినది.

వాదం గాలిలో తేలిపోకుండా ఒక్క ఆల్బమును ముందు పెట్టుకొందాం. ఫ్లీట్‌వుడ్ మాక్ బృందం 1977 ఫిబ్రవరిలో వెలువరించిన ‘రూమర్స్’ అటువంటి పరీక్షకు తగినది. లోకమంతటా 4 కోట్లకు పైగా ప్రతులు అమ్ముడైనవని దీనికి ప్రసిద్ధి. అమెరికాలో 31 వారాలు ఇది అగ్రస్థానంలో ఉన్నది. 2001లో దీని సరౌండ్ రూపం డి.వి.డి.-ఆడియోగా వచ్చినది. ఆ పనిని చేసినవాడు పరాయివాడు కాడు. మూల ఆల్బము నిర్మాతలలో ఒకడూ, దాని ధ్వని ఇంజనీరూ అయిన కెన్ కాలట్. కనుక నేను ఎదుటి పక్షానికి అత్యంత అనుకూలమైన ఉదాహరణనే ఎన్నుకొన్నానని పాఠకులు గమనింతురు గాక.

ఈ ఆల్బము పుట్టిన పరిస్థితి లోకవిదితం. 1976లో కాలిఫోర్నియాలోని సాసలీటో పట్టణపు స్టూడియోలో పని మొదలయ్యేనాటికి బృందంలోని అయిదుగురి సంసారాలూ చెదిరిపోతున్నవి. జాన్ మెక్‌వీ, క్రిస్టీన్ మెక్‌వీ భార్యాభర్తలుగా విడిపోయినారు. లిండ్సే బకింగ్‌హామ్, స్టీవీ నిక్స్‌ల ప్రేమ ముగిసినది. మిక్ ఫ్లీట్‌వుడ్ ఇంటిలోనూ అదే కథ. విడిపోయినవారు విడివిడిగా బతికే అవకాశం వారికి లేకపోయినది. ప్రతిదినం ఒకే గదిలో కూర్చుని, ఒకరి పాటకు ఒకరు వాయించవలసి వచ్చినది. ‘గో యువర్ ఓన్ వే’ అన్న పాట బకింగ్‌హామ్ నిక్స్‌ను ఉద్దేశించి రాసినది. ఆ పాటలో అతనికి గొంతు కలిపినవారిలో ఆమె ఒకతె. ‘యూ మేక్ లవింగ్ ఫన్’ క్రిస్టీన్ తన కొత్త అనురాగాన్ని గురించి కట్టిన పాట; దానికి బాస్ గిటారు వాయించినవాడు ఆమె మాజీ భర్త. తనమీద మోపిన నేరానికి తానే శ్రుతి కలపడం, తనను మరచిన మనిషి సంతోషానికి తానే లయ పట్టడం, ఇదీ ఆ ఆల్బములోని అసలు సన్నివేశం.

ఇప్పుడు మొదటి వాదానికి వద్దాం. ‘సరౌండ్ రూపం మిమ్మల్ని స్టూడియో లోపలికే తీసుకొనిపోతుంది, ఆ అయిదుగురి నడుమ కూర్చోబెడుతుంది’ అంటారు. ఆ అయిదుగురూ ఆ విధంగా కూర్చుని ఆ పాటలను వాయించిన క్షణం ఎన్నడైనా ఉన్నదా? లేదు. ‘ద చెయిన్’ అన్న పాట వేర్వేరు సమయాలలో పుట్టిన ముక్కలను, టేపును బ్లేడుతో కోసి అతికించి కూర్చినది. అయిదుగురి పేర్లూ రచయితలుగా ఉన్న పాట ఆ ఆల్బములో అదొక్కటే; తలొక చెయ్యి వేస్తే గాని అది పాట కాలేదు. ‘డ్రీమ్స్’లో చాలసేపు వినిపించే మద్దెల చప్పుడు కొద్దిపాటి టేపు ముక్కను చక్రంవలె తిప్పగా వచ్చినది. మీదమీద చేర్పులు చేస్తూ, నెలల తరబడి తిప్పి తిప్పి వినగా అసలు టేపు అరిగిపోయి, తాళాల తళుకు, మద్దెల మొన మందగించినవి. అప్పుడు మొదటినాడే సమాంతరంగా ముద్రించి దాచిన మరొక టేపును వెదకి తీసినారు. రెండు టేపులనూ చెరొక చెవితో వింటూ, వేగాన్ని చేతితో సవరిస్తూ, రెంటినీ జతపరచి ఆల్బమును దక్కించుకొన్నారు. ఇట్టి కృతిలో ‘లోపలికి పోవడానికి’ గది ఎక్కడిది? ఉన్నది రెండు స్పీకర్ల నడుమ నేర్పుతో నిలిపిన ఒక బొమ్మ. ఆ బొమ్మే కృతి. దాని వెనుక మరేదో సత్యమైన గది దాగి ఉన్నదనీ, స్పీకర్లు పెంచితే అది బయటపడుతుందనీ చెప్పడం, కావ్యంలోని నగరానికి రైలు టిక్కెట్టు అమ్మడం వంటిది.

రెండవ వాదం స్పష్టత గురించి. స్టీరియోలో ఒకదానిమీద ఒకటి పడి అణగిపోయిన వాద్యాలు సరౌండ్‌లో విడివిడిగా వినిపిస్తవనీ, ఇంతకాలం మరుగున ఉన్న సౌందర్యం ఇప్పుడు వెలుగులోకి వచ్చినదనీ అంటారు. విడివిడిగా వినిపించే మాట నిజమే. ఆ విడివిడితనం ఈ కృతికి మేలు చేసినదా అన్నదే ప్రశ్న. ముగ్గురి గొంతులు కలిసి పాడినప్పుడు పుట్టేది నాలుగవ గొంతు. అది ఆ ముగ్గురిలో ఎవరిదీ కాదు. ఫ్లీట్‌వుడ్ మాక్ గానంలోని ఆకర్షణ ప్రధానంగా ఆ నాలుగవ గొంతులో ఉన్నది. ఒకరిని ముందు, ఒకరిని పక్కన, మరొకరిని వీపు వెనుక నిలిపితే మనకు ముగ్గురు చక్కగా వినిపిస్తారు, నాలుగవవాడు వెళ్ళిపోతాడు.

ఇంతకంటె లోతైన నష్టం మరొకటి ఉన్నది. మృదువైన రాక్ సంగీతాన్ని ఆరామంగా, తేలికగా వినదగినదని భావించేవారు దాని మృదుత్వం ఎక్కడినుంచి వస్తున్నదో విచారించరు. ‘రూమర్స్’లోని మృదుత్వం తీరుబడినుంచి పుట్టినది కాదు. అది అదిమిపెట్టిన కోపం, మర్యాద తప్పకుండా పలికిన దుఃఖం. మాటలు లేని ఇంటిలో అందరూ ఒకే కప్పు కింద, ఒకే వంటయింటిని ఆశ్రయించి బతుకుతున్నప్పుడు గొంతులు ఎట్లా తగ్గుతవో మనదేశంలో ఉమ్మడి కుటుంబాలను ఎరిగినవారికి వేరుగా చెప్పనక్కరలేదు. రెండు స్పీకర్ల నడుమనున్న ఆ నాలుగడుగుల మేరలో విడిపోయిన జంటలు భుజాలు తగులుతూ నిలిచి పాడుతున్నవి. ఎవరికీ పక్కకు తప్పుకొనే వీలు లేదు. ఆ ఇరుకే ఆ పాటల అర్థం. సరౌండ్ రూపం వారికి తలొక మూల కేటాయిస్తుంది. విశాలమైన గదిలో, తగినంత ఎడంతో, ఎవరి చోట వారు హాయిగా పాడుకొంటారు. కలహం తీరలేదు, ఇల్లు మాత్రం పంపకమైనది. విన్నవాడు ‘ఎంత స్పష్టంగా ఉన్నది!’ అని ఆనందిస్తాడు; తాను పోగొట్టుకొన్నది అతనికి తెలియదు.

మన ఆలంకారికులు ‘ధ్వని’ అన్న మాటను ఊరకనే ఎన్నుకోలేదు. పలికినదానికంటె స్ఫురించినది గొప్పదని ఆనందవర్ధనుడు తొమ్మిదవ శతాబ్దంలో ‘ధ్వన్యాలోకం’లో సిద్ధాంతం చేసినాడు. స్ఫురించవలసినదాన్ని వాచ్యం చేస్తే అర్థం మిగులుతుంది, రసం మిగలదు. స్టీరియోలో గాయకుడు నిలిచే చోట స్పీకరు లేదు. అతడు అక్కడ స్ఫురిస్తాడు. అతనికొక స్పీకరును చేతికిచ్చి నిలబెట్టడం వ్యంగ్యాన్ని వాచ్యం చేయడమే.

మూడవ వాదం ప్రకృతి పేరు చెప్పుతుంది. లోకంలో శబ్దం నలుమూలలనుంచీ వస్తున్నది కదా, ఎదుటి రెండు పెట్టెలకే ఎందుకు కట్టుబడవలె అంటారు. చెవి పనిచేసే తీరును చూస్తే ఈ వాదం కూడా బలహీనమే. ఒక శబ్దం రెండు చెవులకూ చేరే కాలంలోని తేడా ఎంత ఎక్కువైనా సెకనులో వెయ్యవ వంతుకు మించదు. ఆ స్వల్పమైన తేడానుబట్టి మనిషి దిక్కును పోల్చుకొంటాడు. సరిగా ఎదుట ఉన్న శబ్దం ఒకటి రెండు డిగ్రీలు జరిగినా చెవి పట్టుకోగలదు. పక్కల ఆ సూక్ష్మత ఎంతో తగ్గిపోతుంది. ముందు స్పీకరుకూ పక్క స్పీకరుకూ నడుమ ఒక గొంతును నిలపజూస్తే అది కుదురుగా నిలవదు. తల కాస్త కదిలితే చాలు, ఏదో ఒక పెట్టెలోకి జారిపోతుంది. పైగా వెనుకనుంచి వచ్చే శబ్దాన్ని మనిషి విని ఆనందించడు, వెనుదిరిగి చూస్తాడు. అడవిలో బతికిననాటి అలవాటు అది. తగ్గుస్వరంలో చెప్పుకొన్న విరహగీతం నడుమ శ్రోతను పదే పదే ఉలిక్కిపడేట్లు చేయడం ప్రకృతిని అనుసరించడమని ఎవరు ఒప్పుకొంటారు?

సామాజికమైన చిక్కు కూడా ఒకటి గమనింపదగినది. 5.1 నియమం ప్రకారం ముందరి కుడి ఎడమ స్పీకర్లు మధ్యరేఖకు 30 డిగ్రీలలోనూ, వెనుకవి 100 నుంచి 120 డిగ్రీలలోనూ ఉండవలె. అన్నీ శ్రోతకు సమదూరంలో ఉండవలె. అనగా ఆ గదిలో సరియైన కుర్చీ ఒక్కటే. స్టీరియోకు కూడా ఈ దోషం కొంత ఉన్నమాట నిజం. కాని స్టీరియోలో పక్కన కూర్చున్నవానికి బొమ్మ కొంచెం ఒరుగుతుంది, అంతే. సరౌండ్‌లో పక్క కుర్చీవానికి ముఖ్యగాయకుని కంటె వెనుక గిటారు దగ్గరవుతుంది. నలుగురు కూడి వినే కళను ఒకే సింహాసనానికి కుదించడం పురోగతి అనిపించుకోదు.

ఇంతమాత్రం చేత చుట్టూ మోగే సంగీతమంతా మోసమని పరిహసించేవారితో నేను చేయి కలపలేను. రెండు చెవులకు రెండు స్పీకర్లు చాలునన్న వారి మాట చమత్కారమే గాని వాదం కాదు. వెనిస్‌లోని సెయింట్ మార్క్ దేవాలయంలో పదహారవ శతాబ్దపు చివర గాబ్రియేలీలు ఎదురెదురు అరుగులమీద గాయకబృందాలను నిలిపి సంగీతం నడిపినారు. బెర్లియోజ్ 1837లో ప్రదర్శించిన ‘రెక్వియమ్’లో ఇత్తడి వాద్యాల మేళాలు నాలుగింటిని నాలుగు మూలల ఉంచినాడు. జర్మనీలో స్టాక్‌హౌజెన్ 1956లోనే స్పీకర్లను శ్రోతల చుట్టూ అమర్చి తన విద్యుత్సంగీతాన్ని వినిపించినాడు. మన భజనగోష్ఠిలో మండలాకారంగా కూర్చున్నవారి నడుమ పాట తిరుగుతుంది. అక్కడ వినేవాడూ పాడేవాడే. వీటన్నిటిలోనూ దిక్కు అన్నది రాగతాళాలవలె రచనలో భాగం. పుట్టుకతో వచ్చిన విస్తారం వేరు, తరువాత సాగదీసినది వేరు.

‘రూమర్స్’లోనే దీనికి ఒక నిదర్శనం దొరుకుతుంది. ‘సాంగ్‌బర్డ్’ అన్న పాటను స్టూడియోలో ముద్రించలేదు. 1976 మార్చిలో బర్క్‌లీ విశ్వవిద్యాలయపు జెల్లర్‌బాక్ ప్రేక్షకశాలలో, ఖాళీ కుర్చీల ఎదుట, క్రిస్టీన్ మెక్‌వీ ఒంటరిగా పియానో ముందు కూర్చుని పాడినది. ఆ శాల నిశ్శబ్దాన్ని కూడా పట్టుకోవడానికి దూర దూరంగా మైకులు పెట్టినారు. ఈ పాటకు చుట్టూ చోటు కల్పించినప్పుడు కొత్తగా చేర్చినది ఏమీ లేదు. ఆ రాత్రి ఉన్న చోటునే తిరిగి ఇచ్చినట్లు. ఒక పాట సరౌండ్‌లో నిలిచి, దాని పక్కనున్న పాటలు చెదరిపోవడానికి కారణం యంత్రం కాదు. అడగవలసిన ప్రశ్న ఒక్కటే: ఈ విస్తారం కృతిలో ఉన్నదా, లేక దానిమీద పరచినదా?

‘మూలకర్తయే స్వయంగా ఈ రూపాన్ని చేసినప్పుడు నీ అభ్యంతరమేమి?’ అని అడుగుతారు. గౌరవింపవలసిన ప్రశ్న. కాలట్‌కు ఆ టేపులను ముట్టే హక్కు ఇతరులకంటె ఎక్కువగా ఉన్నది. కాని తన యౌవనంలోని పద్యాలను పాతికేళ్ళ తరువాత దిద్దే కవి కూడా మన సాహిత్యాలలో ఉన్నాడు. దిద్దినదాన్ని ఆదరంతో చదువుతాం, రెండవ ముద్రణ అని గుర్తు పెట్టుకొంటాం, మొదటిదాన్ని చింపివేయం. 1977లో అయిదుగురు కళాకారులు, వారి నిర్మాతలు కలిసి ఆమోదించి లోకానికి ఇచ్చినది ఒక నిర్ణయం. 2001లో వచ్చినది ఆ నిర్ణయంమీద ఒక అభిప్రాయం. అభిప్రాయం ఎంత అధికారికమైనా నిర్ణయం కాజాలదు.

ఇక్కడే వ్యాపారం విషయం తలకెత్తుకోవలసి వస్తున్నది. డి.వి.డి.-ఆడియోను కొన్నవాడు కనీసం తాను కొన్నదేమిటో ఎరిగి కొన్నాడు. నేటి పరిస్థితి అట్లా లేదు. ఆపిల్ మ్యూజిక్ సేవలో తగిన శ్రవణయంత్రం తగిలిస్తే, శ్రోత వద్దని ప్రత్యేకంగా చెప్పకపోతే, ఆట్మోస్ రూపం ఉన్నచోట అదే పలుకుతుంది. పన్నెండు స్పీకర్ల కోసం చేసిన కూర్పును గణితంతో మడిచి రెండు చెవులలో పోస్తారు. చుట్టూ పరచడానికని బయలుదేరిన విద్య తిరిగి రెండు చెవులకే చేరినది. నడుమ మూలరూపం మాత్రం తెర వెనుకకు పోయినది. 2024 జనవరిలో ఆ సంస్థ, ఈ రూపంలో లభించే సంగీతానికి 10 శాతం వరకు అధికంగా రాయల్టీ ఇస్తామని ప్రకటించినది. కృతికి విస్తారం అవసరమా కాదా అన్న విచారణకు ఇక తావెక్కడిది? అవసరమైనా కాకపోయినా చుట్టూ తిప్పితే లాభం. ఇట్టి పందెంలో కాలట్‌వంటి మూలకర్తలు పూనుకొని ఓపికగా చేసే పని ఎంత, తొందరలో ఎవరో చేసి పడవేసే పని ఎంత ఉండునో పాఠకులే ఊహించుకోవచ్చు.

వ్యాఖ్యానమంటే నాకు చిన్నచూపు లేదు. కోలాచలం మల్లినాథసూరి చేయూత లేకుండా కాళిదాసు కావ్యాలలో అడుగుపెట్టగలవారు మనలో ఎందరు? ఆయన వ్యాఖ్య మనకు కావ్యంతో సమానంగా ఆదరణీయం. అయినా ఆ వ్యాఖ్యను ఎవ్వరూ ‘రఘువంశం’ అన్న పేరుతో ప్రచురించలేదు. శ్లోకం పైన, వ్యాఖ్య కింద: ఆ క్రమం మన పుస్తకాలలో శతాబ్దాలుగా చెదరలేదు. పాఠకునికి ఏది ఎవరిదో తెలిసినది కనుకనే వ్యాఖ్యాతకు కూడా గౌరవం దక్కినది. సంగీతానికి నేను కోరుతున్నది ఆ క్రమమే.

కనుక నా కోరికలు కొద్దివి. సరౌండ్ రూపంమీద దానిని చేసినవారి పేరు, చేసిన సంవత్సరం, మూలకళాకారుల ఆమోదం ఉన్నదీ లేనిదీ స్పష్టంగా ముద్రించవలె. శ్రోత అడిగితేనే ఆ రూపం పలకవలె. అడగనంతవరకు మూలమే పలకవలె. స్పీకర్ల సంఖ్యను బట్టి కళకు వెల కట్టడం మానవలె. విమర్శకులు ఇట్టి రూపాన్ని సమీక్షించేటప్పుడు శబ్దం ఎంత శుభ్రంగా ఉన్నదని మెచ్చుకొని ఊరుకోక, మూలాన్ని పక్కన పెట్టుకొని, ఏ అర్థం నిలిచినది, ఏది చెడినది అని ఒక అనువాదాన్ని పరీక్షించినట్లు పరీక్షించవలె.

ఇవి జరగకపోతే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. ఇప్పుడు పుట్టిన బిడ్డలు పెరిగి ‘రూమర్స్’ వినబోయేనాటికి, విశాలమైన శాలలో అయిదుగురు స్నేహితులు ఎడమెడంగా నిలిచి చల్లగా పాడుకొన్న పాటలుగా అది వారికి చేరుతుంది. ఒకరి మొగం ఒకరు చూడలేక, ఒకరిని విడిచి ఒకరు పోలేక, ఒకే గదిలో గొంతులు తగ్గించి పాడినారని వారికి చెప్పేది ఆ రెండు స్పీకర్ల ఇరుకే. దానిని కాపాడవలసిన బాధ్యత ఇప్పుడు వింటున్న మనమీద ఉన్నది.